అరువది దాటిన పిదప రంగప్రవేశము

(మన సంఘ వార్షిక మహాసభయందు రెండవ దినమున చదివిన ఉపన్యాసము)



నిన్నటి సభలో విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. అవి బాలురకు సంబంధించిన విషయములు. కార్యదర్శిగారు మాకు అప్పగించిన విషయము పెద్దవారికి సంబంధించినది. ఉద్యోగమునుండి గాని, వ్యాపారమునుండి గాని, సంసారభారమునుండి గాని విశ్రాంతి పొందినవారు నాటకములందును చలనచిత్రములందును వేషములు ధరింపవచ్చునా? ధరించినచో నెట్లు ధరింపవలయును? అట్టి వారిని సంఘమెట్లు చూడవలయును? ఈ మూడు ప్రశ్నలకు మాకు తోచిన సమాధానములను విన్నవించెదము. మేము ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు సంస్కృతములు బోధించి, విశ్రాంతి పొందిన రెండవ యేట ముఖమునకు రంగు పూసికొన్నవారము. కావున ఈ మాటలలో కొన్ని పుస్తకములనుండి తెచ్చినవి, కొన్ని తెరవెనుకనుండి తెచ్చినవి.

“ఈ వయస్సున వేషములేమిటి?” అని మనవారిలో పలువురు అడుగుదురు. ఈ యొక్క ప్రశ్నలో రెండు సందేహములు దాగియున్నవి. మొదటిది శక్తిని గూర్చినది. ముదిమియందు ధారణ తగ్గును, మోకాళ్లు పట్టును, కంఠము వణకును. ఇక నటన మెట్లు సాగును? రెండవది మర్యాదను గూర్చినది. మనుమల నెత్తుకొనవలసిన వయస్సున పదిమంది యెదుట వేషము కట్టుట తగునా? మొదటి సందేహమునకు శాస్త్రమును అనుభవమును సమాధానము చెప్పగలవు. రెండవదానికి ఈ సభలో కూర్చున్న మనమే సమాధానము చెప్పవలయును.

శాస్త్ర మేమనుచున్నది?

భరతముని ప్రణీతమైన నాట్యశాస్త్రమున పాత్రధారణము మూడు విధములుగా చెప్పబడినది. స్త్రీలు స్త్రీ పాత్రలను, పురుషులు పురుష పాత్రలను తమ తమ వయస్సునకు తగినట్లు ధరించుట అనురూప. బాలుడు వృద్ధుని వేషమును, వృద్ధుడు బాలుని వేషమును ధరించుట విరూప. పురుషుడు స్త్రీ వేషమును ధరించుట రూపానుసారిణి. ఇందు గమనింపవలసిన దేమనగా, వృద్ధుడు రంగమునకు అనర్హుడని శాస్త్రకారుడు చెప్పలేదు. వానికి తన వయస్సు వేషమును ఇచ్చెను. వలసినచో చిన్నవాని వేషమును గూడ ఇచ్చెను. మరియొక చోట, వయస్సునకు తగిన వేషము, వేషమునకు తగిన నడక, నడకకు తగిన పలుకు, పలుకునకు తగిన అభినయము ఉండవలెనని క్రమము నేర్పరచెను. ఈ క్రమమున మొదట నిలిచినది వయస్సే.

మన సంస్కృత నాటకములలో పెద్దవయస్సు పాత్రలు కొల్లలుగా నున్నవి. రాజాంతఃపురమున కంచుకి లేని నాటకము అరుదు. శాకుంతల పంచమాంకమున కంచుకి తన చేతికఱ్ఱను చూచికొని గడచిన కాలమును తలపోయు ఘట్టము పాఠకులకు తెలిసినదే. ఇరువదియేండ్ల యువకుడు తెల్లజుట్టు అంటించుకొని ఆ ఘట్టము నభినయించినచో నడుము వంచుటయే ప్రధానముగా కనబడును. నిజముగా ముదుసలియైనవాడు వంగకుండుటకు ప్రయత్నించును. మెట్టు దిగునపుడు ఎవరును చూడకుండ గోడను తాకును. ఆ దాచుకొనుటయే ముదిమి. దానిని నేర్పుటకు గురువు వలదు. దానిని దాచకుండ చూపుటకు మాత్రము గురువు కావలయును.

అయినను విరూప విధానమున నటించి తరించినవారు మనకు లేకపోలేదు. గుమ్మడి వెంకటేశ్వరరావుగారు 1927లో జన్మించిరి. అక్కినేని నాగేశ్వరరావుగారు 1924లో జన్మించిరి. 1955లో విడుదలయైన అర్ధాంగి చిత్రమున, తమకంటె పెద్దవారైన అక్కినేనివారికి గుమ్మడివారు తండ్రిగా నటించిరి. ముప్పదియేండ్లు నిండనివాడు తండ్రి కాగలిగినపుడు, అరువదియేండ్ల వాడు తాత యగుటకు శక్తి లేదనుట న్యాయము కాదు.

పూర్వులు

మన తెలుగు రంగస్థలమునకు పునాదులు వేసినవారిలో బడిపంతులు ముందు వరుసలో నున్నాడు. 1880వ సంవత్సరమున రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ శిష్యులచేత నాటకములాడించిరి. వేదము వేంకటరాయశాస్త్రిగారు సంస్కృత పండితులు. 1853లో జన్మించిన ఆ మహనీయులు 1899లో నెల్లూరున ఆంధ్రభాషాభిమాని సమాజమును స్థాపించి, నలుబదియైదవ యేడు దాటిన పిదప నాటకప్రయోగమున తలమునకలైరి. బళ్లారి రాఘవగారు (1880–1946) న్యాయవాదులు. వృత్తిని విడువకయే రంగమును ఏలిరి. కావున చదువరియైనవాడు వేషము కట్టిన చదువునకు మచ్చ యనుట చరిత్ర తెలియనివారి మాట.

చలనచిత్రములకు వచ్చినను ఇట్టివారు కనబడుదురు. జొన్నలగడ్డ వెంకట సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిరి. జుట్టు నెరసిన పిదప 1980లో విశ్వనాథ్ గారి శంకరాభరణమున శంకరశాస్త్రియై కనబడగా, దేశము ఆయనను ఆనాడే పుట్టిన నటునిగా భావించెను. వాస్తవమున అంతకు ముందే సోదరులు రమణమూర్తిగారితో కలిసి కన్యాశుల్కమును అనేక పర్యాయములు ప్రదర్శించి, రామప్పంతులు వేషమున ఆరితేరియుండిరి. ఆ చిత్రదర్శకులైన విశ్వనాథ్ గారు 1930లో జన్మించి, జీవితమంతయు ఇతరులచేత నటింపజేసి, 1995లో శుభసంకల్పము చిత్రమున అరువదియైదవ యేట తామే నటులైరి. అటుపిమ్మట అనేక చిత్రములలో పెద్దరికపు పాత్రలను ధరించి, 2023లో స్వర్గస్థులైరి. ఆకాశవాణిలో ఉద్యోగము చేసి, నాటకములును చిత్రకథలును వ్రాసిన గొల్లపూడి మారుతీరావుగారు (1939–2019) నలుబదిమూడవ యేట, 1982లో, ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య చిత్రముతో తెరకెక్కిరి. కోట శ్రీనివాసరావుగారు (1942–2025) బ్యాంకు ఉద్యోగము చేయుచు నాటకములాడి, 1978లో ప్రాణం ఖరీదు చిత్రమున ప్రవేశించిరి.

ఇతర భాషలలో మనకు సంబంధించినవా రొకరు కలరు. హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయులు 1898లో హైదరాబాదున జన్మించినవారు, సరోజినీదేవిగారి తమ్ములు, 1952లో విజయవాడనుండి లోక్ సభకు ఎన్నికైనవారు. ఆ కవిగారు అరువది దాటిన పిదప 1962లో సాహిబ్ బీబీ ఔర్ గులామ్ అను హిందీ చిత్రమునను, 1972లో బావర్చీ చిత్రమునను నటించి, తాతవేషములకు పేరువడిరి. ఎ. కె. హంగల్ గారు కరాచీలో దర్జీ పనిచేసినవారు. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొనినవారు, చెరసాలకు పోయినవారు. బొంబాయిలో నాటకములాడి, సుమారు ఏబదియేండ్ల వయస్సున 1966లో తీస్రీ కసమ్ చిత్రముద్వారా తెరకు వచ్చి, 2012లో మరణించువరకు చిత్రసీమలో పెద్దదిక్కుగా నిలిచిరి. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ గారి పథేర్ పాంచాలీయందు ముదుసలి అత్తగా నటించిన చునీబాలాదేవి పూర్వము నటించి విరమించి, సుమారు ఎనుబదేండ్ల వయస్సున మరల వచ్చినది.

ఈ పట్టికను చూచినచో ఒక సంగతి తేటపడును. వీరిలో పెక్కుమంది ఆలస్యముగా వచ్చినవారు కారు, ఆలస్యముగా కనబడినవారు. వెనుక ఇరువది ముప్పది యేండ్ల అభ్యాసము కలదు. విత్తనము నాటి, నీరు పోసి, పంటకు మాత్రము ముదిమివరకు వేచియుండిరి. అందువలన “సోమయాజులుగారు పెద్దవయస్సున నటులు కాలేదా, మేమేల కారాదు?” అని మొదటి దినముననే అడుగుట ఉచితము కాదు.

అయినచో వెనుక అభ్యాసము లేనివారికి దారియే లేదా? కలదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెకు చెందిన గంగవ్వగారు బడికి పోయినవారు కారు. పొలములలో కూలిపని చేసినవారు. తమ గ్రామమందలి యువకులు మై విలేజ్ షో అను పేర యూట్యూబున ప్రదర్శించు చిన్న చిత్రములలో, వృద్ధాప్యము దగ్గరపడిన వయస్సున, తమ పలుకుబడితోనే నటింపసాగిరి. 2019లో మల్లేశం మొదలగు చలనచిత్రములందు నటించి, 2020లో బిగ్ బాస్ కార్యక్రమముద్వారా తెలుగువారి ఇంటింటికి తెలిసిరి. ఆమెకు నాటకాభ్యాసము లేదు. కాని చూచిన బ్రతుకును చూచినట్లు పలుకగల నోరు కలదు. మన కులమువారు కారని గాని, చదువుకొనలేదని గాని ఆమె ఉదాహరణమును విడుచుట మా మనస్సునకు సమ్మతము కాలేదు. కావున వెనుకటి అభ్యాసము గాని, దాచక చూపు బ్రతుకు గాని, రెండింటిలో నొకటి కావలయును. రెండును లేక పింఛను మాత్రమే యున్నవాడు ప్రేక్షకుడుగా నుండుటయే మేలు.

శిష్యత్వము

ఇప్పుడు రెండవ ప్రశ్న: ఎట్లు నేర్చుకొనవలయును? ఢిల్లీయందు 1959లో నెలకొల్పబడిన జాతీయ నాటక విద్యాలయము వంటివానిలో ప్రవేశమునకు వయఃపరిమితి కలదు. మన వయస్సు వారికి ఊరి నాటక సమాజమే విద్యాలయము. 1929లో తెనాలియందు ఆరంభమైన ఆంధ్ర నాటక కళా పరిషత్తువలన కాలక్రమమున మన దేశమున పరిషత్తు పోటీలు వాడుకలోనికి వచ్చినవి. నేటికిని సంక్రాంతికి, ఉగాదికి, తిరునాళ్లకు పలు గ్రామములలో నాటికల పోటీలు జరుగుచున్నవి. ఆ నాటికలలో తండ్రి, తాత, కరణము, విశ్రాంత సైనికుడు, ఒంటరి తల్లి అను పాత్రలు తప్పక యుండును. వాటికి తగిన వయస్సువారు దొరకక సమాజములవారు బాధపడుచున్నారు.

మా సమాజమున దర్శకుడు మా వయస్సులో సగమువాడు; ఒకప్పుడు మా తరగతిలో రెండవ వరుసను కూర్చున్నవాడు. తొలిదినముననే ఆతడు మాకు చేతులు జోడించి చెప్పిన మాట యిది: “మాస్టారూ, ముందు ఎదుటివాడు చెప్పేది వినండి. మీ మాట దానంతట అదే వస్తుంది.” ముప్పదియైదేండ్లు చెప్పుటయే వృత్తిగా గలవానికి ఇంతకంటె గొప్ప ఉపదేశము లేదు. ఉద్యోగములలో పెద్దపదవులు నిర్వహించినవారు వినుటకు అలవాటు పడినవారు కారు. ఇతరులే వారి మాట వినుచుండిరి. రంగముమీద ఆ అధికారము చెల్లదు. అక్కడ వినువాని ముఖమునే ప్రేక్షకులు చూతురు. కావున మన వయస్సున నటనము నేర్చుటకు మొదటి సోపానము కంఠము కాదు, చెవి.

సంభాషణమును ధారణచేయుటకు మేము మా పాత విద్యనే ఆశ్రయించితిమి. వ్యాఖ్యానమునకు పదచ్ఛేదము, పదార్థము, విగ్రహము, వాక్యయోజనము, ఆక్షేప సమాధానము అని ఐదు లక్షణములు గలవని సంస్కృతము చదివినవా రెఱుగుదురు. కావ్యశ్లోకమునకు ఉపయోగించు ఈ ఐదింటిని వేషమునకు ఉపయోగించి చూచితిమి. ఒక నాటికలో ముసలితండ్రి, పట్నమునకు తిరిగి పోవుచున్న కుమారుని “బండి ఎన్నింటికిరా?” అని అడుగవలయును. మాట చిన్నది. పదచ్ఛేదమున ఊపిరి ఎచట నిలుపవలెనో తేలును. పదార్థమున, నిఘంటువు ప్రకారము కాలమును అడుగుచున్నాడు, తండ్రి నోట మాత్రము “ఇంకొంతసేపు ఉండుము” అని వేడుచున్నాడు. విగ్రహమున, సమాసమును విడదీసినట్లు తండ్రికొడుకుల నడుమ నున్నదానిని విడదీయవలయును: కొంత అప్పు, కొంత అలుక, చాల ప్రేమ. వాక్యయోజనమున, కుమారుడు అంతకుముందు పలికిన చివరి మాటకు ఈ మాటను ముడివేయవలయును. పిదప ఆక్షేపము: టికెట్టును ఉదయముననే తన కన్నులతో చూచినవాడు మరల ఏల అడుగును? సమాధానము: అడుగుటకు వేరొక మాట తెలియదు గనుక. ఇంత విచారించిన పిదప ఆ మాటను మఱచుట కష్టము. కంఠస్థము చేసిన మాట జారిపోవచ్చును. అర్థము తెలిసిన మాట నిలుచును.

మరియు కొన్ని చిన్న ఉపాయములు. సంభాషణలను అచ్చుకాగితమునుండి చదువుటకంటె స్వహస్తముతో వ్రాసికొన్నచో బాగుగ నాటుకొనును. కూర్చుండి వల్లించుటకంటె నడచుచు వల్లించుట మేలు; ఏ యడుగున ఏ మాటయో దేహమే గుర్తుంచుకొనును. రాత్రి నిద్రకు ముందొకసారి, తెల్లవారుజామున నొకసారి చాలును. నడుమ మెదడునకు విశ్రాంతి నీయవలయును. ఎదుటి పాత్రల మాటలను గూడ నేర్చుకొనవలయును. వెనుకనుండి అందించువాని మీద ఆధారపడుట మన చెవులకు క్షేమము కాదు.

చలనచిత్రముల తీరు వేరు. నాటకమున కథ మొదటినుండి చివరకు ఒకే రాత్రి నడచును. చిత్రమున చావు సోమవారమున, పెండ్లి గురువారమున తీయుదురు. ఒకే మాటను పదిసార్లు పలుకవలయును. మొదటిసారి కాఫీగ్లాసు కుడిచేత నున్నచో పదవసారియు కుడిచేతనే యుండవలయును. నేలమీద గీచిన గుర్తుకడ చూడకయే నిలువవలయును. రంగముమీద చివరి వరుసకు వినబడునట్లు పలికిన కంఠమును, ప్రక్కవానికి మాత్రమే వినబడునట్లు తగ్గింపవలయును. వేషము పది నిమిషములు, నిరీక్షణము పది గంటలు. వేళకు మందులు వేసికొనవలసినవారు, చక్కెరవ్యాధి గలవారు తమ ఆహారమును, మందులను, వీలైనచో కుర్చీని గూడ తమ వెంట కొనిపోవలయును. ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు.

ధనవిషయము

ఇచట రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. మొదటిది: వేషమిప్పింతుమని ముందుగా మనవద్ద సొమ్ము అడుగువారు గలరు. నమోదు రుసుమనియు, ఛాయాచిత్రముల ఖర్చనియు, దర్శకునికి పరిచయమనియు పేర్లు పెట్టుదురు. వారికి విశ్రాంత ఉద్యోగి చేతికివచ్చిన గ్రాట్యుటీ సొమ్ము ఎక్కడ నున్నదో బాగుగ తెలియును. మాకును అట్టివారినుండి ఫోనులు వచ్చినవి. పని చేయించుకొనువాడు కూలి ఇచ్చునేగాని, కూలివాని వద్ద పుచ్చుకొనడు. ఈ యొక్క సూత్రమును గుర్తుంచుకొన్నచో మోసపోవుట యుండదు.

రెండవది ఇంతకంటె సూక్ష్మము. పింఛను గలవాడు “నాకు డబ్బు వలదు, సరదాకు వచ్చితిని” అని ఉచితముగా నటించును. చూచుటకు ఔదార్యమువలె నుండును. కాని ఆ వేషమునకు, నటనమే జీవనాధారముగా గల మరియొక పెద్దమనిషి ఎదురుచూచుచుండును. యౌవనమంతయు పద్యనాటకములలో రాగములు తీసి, నేడు పింఛను లేక, ఆ యొక్క దినపు వేతనముతో మందులు కొనుక్కొనువాడతడు. ఉచితముగా నటించు మనము వాని కంచములోని ముద్దను తీసికొనుచున్నాము. కావున వ్యాపారార్థమై తీయు చిత్రములలో గాని ధారావాహికలలో గాని అందఱకు నిచ్చు వేతనమును అడిగి తీసికొనవలయును. అది తమకు అక్కరలేనిచో తీసికొన్న పిదప అట్టి పేదకళాకారున కిచ్చుట ఉత్తమము. ముదిమిలో వచ్చిన మనము ఈ కళకు అతిథులము. అతిథి ఇంటివారి యన్నమును తక్కువచేయరాదు.

మర్యాద

ఇక మూడవ ప్రశ్న. నాట్యశాస్త్రము చివర ఒక కథ కలదు. భరతుని పుత్రులు విద్యాగర్వమున ఋషులను పరిహసించుచు ప్రదర్శన లీయగా, ఋషులు కోపించి, మీరు కులాచారమునుండి జారి శూద్రులగుదురని శపించిరట. పిదప నహుషుని కోరికపై వారు భూమికి దిగివచ్చి నాట్యమును వ్యాపింపజేసిరట. కులమును పురస్కరించుకొని సమావేశమైన ఈ సభలో ఈ కథను తలపక తప్పదు. నటుని కులమును తక్కువచేసి మాటలాడుట అంతటి పాత జాడ్యము. ఏ కులమును తక్కువ కాదని చట్టమును, వివేకమును బోధించుచున్న ఈ కాలమున ఆ శాపమును మనము మోయవలసిన పని లేదు.

అయినను మోయుచున్నాము. మనలో నొకడు నటుడై ప్రసిద్ధుడైనచో “మనవాడు” అందుము, శాలువ కప్పుదుము, ఈ సంచికలో ఛాయాచిత్రము ముద్రింతుము. ప్రసిద్ధుడు కానిచో “పని లేనివాడు” అందుము. కళ రెండింట నొక్కటియే. మన గౌరవము కళకు గాక కీర్తికి చెందుచున్నదని దీనివలన తేలుచున్నది.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనతో పుట్టిన సురభి నాటకసమాజమును చూడుడు. అచట పసిబిడ్డ మొదలు అవ్వ వరకు కుటుంబమంతయు వేషము కట్టుదురు. ముదుసలి యైన పిదప వేషము మారునేగాని రంగము విడువరు. స్త్రీలు వేషము కట్టుట అచట తొలితరమునుండియే యున్నది. చదువుకొన్న కుటుంబముల స్త్రీలు రంగమెక్కవలెనని బళ్లారి రాఘవగారు పట్టుబట్టి, కొందఱిని ప్రోత్సహించి, విమర్శలకు గురియైరి. వారు మరణించి సుమారు ఎనుబదియేండ్లైనది. మన యిండ్లలో ఆ పని యెంతవరకు వచ్చినది?

మాకు తెలిసిన యొక యుదంతమును చెప్పెదము. మన కులములోని సోదరి యొకతె, వయస్సు అరువదిరెండు, భర్త గతించినవారు. చిన్నతనమున పాఠశాలలో నటించినది. పెండ్లియైన పిదప నలుబదియేండ్లు ఆ మాటయే యెత్తలేదు. మా సమాజమువారి నాటికలో నాయనమ్మ పాత్రకు మాటలు చదివి వినిపింపుమని కోరగా చదివినది. చదువుట ముగిసిన పిదప గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. దర్శకుడు కన్నులు తుడుచుకొనెను. పండ్రెండు దినములు అభ్యాసమునకు వచ్చినది. పదుమూడవ దినమున ఆమె కుమారుడు వచ్చి వ్రాతకాగితములను మర్యాదగా తిరిగి యిచ్చివేసెను. “అమ్మకు ఓపిక లేదు మాస్టారూ” అనెను. ఓపిక లేకపోవుట కారణము కాదు. ఇంట మనుమరాలికి సంబంధములు చూచుచున్నారు. నాయనమ్మ నాటకములాడునని తెలిసినచో పెండ్లికొడుకువారు వెనుకాడుదురని భయము. ఆ కుమారుని మేము నిందింపము. ఆతడు భయపడినది మనలను జూచి.

ఆ నాటిక వేరొకరితో ప్రదర్శింపబడినది; బహుమతియు వచ్చినది. కాని మేము విన్న ఆ నాయనమ్మను ప్రేక్షకులు వినలేదు. పెద్దలారా, దీనివలన నష్టపోయినది నాటక సమాజము మాత్రమే కాదు. నలుబదియేండ్లు అందఱకు వండిపెట్టిన యొక మనిషికి, తనకొఱకు మిగిలిన కొలది సంవత్సరములలో తాను కోరిన యొక పనిని మనము లేకుండ చేసితిమి. వార్ధక్యమున మనుష్యునకు అన్నవస్త్రములు చాలునని కుమారులు తలంతురు. తాను ఇంకను ఏదో నేర్చుకొనుచున్నానను తలంపు లేనిదే ఉదయము లేచుటకు కాళ్లు రావని వృద్ధులకు మాత్రమే తెలియును.

విన్నపములు

కావున ఈ మహాసభవారికి నాలుగు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: మన సంఘ భవనము పెండ్లిండ్లు లేని దినములలో సాయంకాలము తాళము వేసియుండును. వారమునకు రెండు సాయంకాలములు నాటకాభ్యాసమునకు ఉచితముగా ఇప్పింపవలయును. ఏ కులమువారైనను ఆ సమాజమున చేరుటకు అడ్డు పెట్టరాదు. ఒకే కులమువారితో నాటకము సాగదు. నాటకమున లోకమంతయు కావలయును.

రెండవది: వార్షిక సభయందు ప్రదర్శించు నాటికలో అరువది దాటిన యొక పురుషునకును, ఒక స్త్రీకిని తప్పక పాత్ర కల్పింపవలయును.

మూడవది: సభకు పిలిపించు వృత్తి కళాకారులకు ఒప్పుకొన్న పారితోషికమును పూర్తిగా, ప్రదర్శన ముగిసిన రాత్రియే, చేతికందింపవలయును. శాలువ పారితోషికమునకు బదులు కాదు.

నాలుగవది, ముఖ్యమైనది: మన వధూవర పరిచయ వేదికయందు, ఇంట పెద్దవారు గాని స్త్రీలు గాని నాటకములందు, చిత్రములందు నటించుటను దోషముగా నెంచరాదని ఈ సభ తీర్మానింపవలయును. తీర్మానముమాత్రమున మనస్సులు మారవని మేమెఱుగుదుము. అయినను భయపడు కుమారునకు “సంఘమే యొప్పుకొన్నది” అని చెప్పుటకు ఒక కాగితము దొరకును. ఆ కాగితము చేతబట్టుకొని ఒక తల్లి అభ్యాసమునకు వచ్చినను ఈ సభ జరిగినందుకు ఫలము దక్కినట్లే.

రంగమెక్కదలచిన వయోవృద్ధులకు చివరిగా ఒక మాట. పెద్దరికమును చెప్పులతోపాటు గుమ్మముకడ విడిచి లోనికి రండు. చిన్నవాడు తప్పు దిద్దినపుడు కోపింపకుడు. చిన్నవేషము వచ్చినను పూర్ణముగా చేయుడు. గొప్పవారగుటకు వేళ మించిపోయియుండవచ్చును; నేర్చుకొనుటకు వేళ ఎన్నడును మించదు.